లేని గంపలో పంచదార

మా యూదుల ఊరు క్రెవిన్‌లో గురువారం మధ్యాహ్నం హోడెస్ అమ్మగారు ఇంట్లో ఉండదు. మంచం పట్టిన ముసలివాళ్ళ పక్కన కూర్చుని కీర్తనలు చదవడానికి వెళ్తుంది. ఆ సమయంలో ట్రైనా ఆమె పెరటి తలుపు తోసుకుని గంపతో లోపలికి వెళ్ళి, తెచ్చినవన్నీ వంటింటి అరల్లో సర్ది, ఖాళీ గంపతో బయటికి వస్తుంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. హోడెస్‌కి తెలియదు. తెలియకూడదనే ఈ ఏర్పాటు.

హోడెస్ భర్త కలప వ్యాపారి. ఆయన బతికున్నంతకాలం ఆయన దుంగలు తెప్పలుగా మా నదిలో సాగి సముద్రం దాకా వెళ్ళేవి. ఒక ఏడు మంచు కరిగినప్పుడు వచ్చిన వరదలో తెప్పలు విడిపోయాయి. ఆ ఏడే ఆయనా పోయాడు. మిగిలింది పెద్ద ఇల్లు, అంతకంటే పెద్ద భోజనాల బల్ల. ఆ బల్ల దగ్గర అప్పట్లో శుక్రవారం రాత్రి బీదవాడు లేకుండా హోడెస్ ఎప్పుడూ కూర్చోలేదు. అలా పెట్టిన మనిషికి ఊరు పెట్టడం ఎలా? మొహం మీద ఇస్తే సిగ్గుతో చచ్చిపోతుంది. ఇవ్వకపోయినా చచ్చిపోతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. అందుకని గంప.

గంపలో ఎవరు ఏం వెయ్యాలన్నదాని మీద మొదట్లో చాలా తగువు నడిచింది. మిల్లు యజమాని భార్య యాఖ్నె, పిండి తనదేనని, ఇంకెవరైనా చిటికెడు పిండి వేసినా ఊరుకోనని చెప్పింది. చేప తనదని ఒకావిడ, కొవ్వొత్తులు తనవని ఒకావిడ. తన వంతుకి ఉల్లిపాయలే వచ్చాయని ఇంకొకావిడ ఏడ్చింది. దేవుడి ఆజ్ఞల మీద ప్రేమ ఉన్న ఊళ్ళో ఇవి మామూలే. ట్రైనా భర్త నొఖెమ్ గుర్రపు జీనులు కుడతాడు, పెద్దగా ఉన్నవాళ్ళు కారు. అందుకని ట్రైనా మిరియాలు ఇస్తానంది, గంప తనే మోస్తానంది. మొయ్యడం అన్నిటికంటే గొప్ప వాటా అని మిగతావాళ్ళకి తర్వాత తెలిసింది. అప్పటికి ఆలస్యం అయిపోయింది.

మూడేళ్ళుగా హోడెస్ పిండిడబ్బాకి అడుగు కనబడలేదు. ఇది ఆమెకి వింతగా అనిపించడం లేదా అని ఎవరూ అడగలేదు. కళ్ళు మసక కదా, భర్త ఉన్నప్పటి సరుకే ఇంకా వస్తోందనుకుంటోంది అని సర్దిచెప్పుకున్నారు.

ఈ ఏడు ఎండాకాలం పోయాక, ఒక శనివారం ప్రార్థన మందిరంలో ఆడవాళ్ళు కూర్చునే మేడ మీద ట్రైనా హోడెస్ పక్కన కూర్చుంది. పుస్తకంలో పేజీ తిప్పుతున్న హోడెస్ వేలికి ఉంగరం కింద దారం చుట్టి ఉంది. జారిపోకుండా. ట్రైనా ఆ దారం వంక చూస్తూ ప్రార్థనలో సగం వినలేదు.

తర్వాతి గురువారం అరలు సర్దబోతే చోటు లేదు. పోయిన వారం పిండి అలాగే ఉంది. అంతకుముందు వారం ఉల్లిపాయలు మొలకలు వేస్తున్నాయి. ట్రైనా చేప, కొవ్వొత్తులు మాత్రం అక్కడ పెట్టి, మిగతా గంపతో యాఖ్నె దగ్గరికి వెళ్ళింది.

"ఆవిడ తినడం లేదు, అక్కా."

"నా పిండిలో ఏం లోపం?" అంది యాఖ్నె.

"పిండి సంగతి కాదు. ఇలాగే ఉంటే ఈ చలికాలం దాటదు. ఉంగరానికి దారం చుట్టుకుంది."

యాఖ్నె తన వేలి వంక చూసుకుంది. ఆమె ఉంగరం ఇరవై ఏళ్ళుగా కదలలేదు. "అయితే షెప్సెల్‌ని అడుగుదాం. వాడు అక్కడ తినేవాడు కదా, ఈమధ్య మానేశాడు," అంది.

షెప్సెల్ మా ఊరి ముష్టివాడు. బావి దగ్గర గట్టు మీద కూర్చుని ఎండలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"హోడెస్ అమ్మగారింటికి ఎందుకు మానేశావురా?" అంది యాఖ్నె.

"నాకు ఖాళీ లేదమ్మా. శుక్రవారం రాత్రి రొట్టెల వాళ్ళింట్లో. శనివారం మధ్యాహ్నం ఇదిగో, ట్రైనమ్మగారింట్లో. అక్కడికి వెళ్ళమంటే వీళ్ళింటికి రావడం మానేస్తా."

"మా ఇంటికి మానెయ్యమని ఎవరన్నారు?" అంది ట్రైనా గబుక్కున.

"చూశారా. ఎవరి ముష్టివాణ్ణి వాళ్ళు వదులుకోరు. నన్నంటారు."

"నిజం చెప్పు, షెప్సెల్," అంది ట్రైనా.

షెప్సెల్ కాళ్ళు ముడుచుకున్నాడు. "ఆవిడ తినదమ్మా. నా పళ్ళెంలో పెద్ద ముక్క వేస్తుంది. తన ముక్కని అటు జరిపి ఇటు జరిపి మాటలు చెబుతుంది. నేను రెండోసారి వేయించుకోవాలి కదా. పస్తున్న మనిషి ఎదురుగా కూర్చుని రెండోసారి ఎలా అడగను? నాకూ ఓ మర్యాద ఉంది."

"చేప పాడైందా?" అంది యాఖ్నె.

"అబ్బే, బ్రహ్మాండంగా ఉంటుంది. అయ్యగారున్నప్పుడు పంచదార పోసి వండేది, పోలండు ఆవిడ కదా. నోట్లో పెట్టుకోలేకపోయేవాళ్ళం. ఇప్పుడు బాగుపడింది. మనలాగే మిరియాలు దట్టిస్తోంది."

"అదొక్కటి మంచి జరిగింది," అంది యాఖ్నె.

ఇద్దరూ ఊరి మతగురువు రబ్బీగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన పుస్తకం మూయకుండా, వేలు పేజీలో ఉంచుకుని మొత్తం విన్నాడు.

"లేనివాడికి ఏది లేదో అది ఇవ్వాలని ఆజ్ఞ. ఏదో ఒకటి పడెయ్యమని కాదు. గుర్రం మీద తిరిగినవాడికి గుర్రం. ముందు పరిగెత్తే నౌకరు ఉండేవాడికి నౌకరు."

"గుర్రం గంపలో పట్టదు రబ్బీగారూ," అంది యాఖ్నె.

"ఆవిడకి గుర్రం అలవాటా?"

"కాదు."

"మరి ఏది అలవాటు? ఏది తప్పింది?"

ఆడవాళ్ళు ఆలోచించారు. రైలు పట్టాలు మా ఊరిని వదిలేసి పక్క ఊరి మీదుగా వేశారు. దాంతో తిరిగే బీదవాళ్ళు కూడా మా ఊరిని వదిలేశారు. షెప్సెల్ మానేశాక ఆ బల్ల దగ్గర హోడెస్ ఒక్కతే.

"బీదవాడు," అంది ట్రైనా.

"అయితే బీదవాణ్ణి ఇవ్వండి. దానం మీద బతికేవాడు కూడా దానం చెయ్యాలి, ఆ ఆజ్ఞ నుంచి ఎవరికీ మినహాయింపు లేదు. మీరు ఆవిడకి పిండి ఇచ్చారు. బాగుంది. మరి ఆవిడ ఎవరికిస్తుంది?" ఆయన మళ్ళీ పేజీలోకి చూశాడు. అంటే వెళ్ళమని.

బీదవాణ్ణి ఇమ్మనడం తేలికే. మా ఊళ్ళో షెప్సెల్ కాకుండా ఇంకొకడే ఉన్నాడు, గుడ్డి జోరెఖ్. అతను ఊరి స్నానాల శాల నడిపేవాళ్ళ మనిషి. ఆ శాల నడిపే ఆవిడని అడిగితే తడిచేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"మా జోరెఖ్‌నా? నా పెళ్ళయిన వారం నుంచి మా ఇంట్లో తింటున్నాడు. ఇవాళ మీరొచ్చి అడిగితే ఇచ్చెయ్యాలా? మీ ఆయన్ని ఇస్తావా నువ్వు?"

"ఆయన బీదవాడు కాదు కదా," అంది ట్రైనా.

"బీదతనానికి ఎంత దూరం ఉన్నాడేం."

ట్రైనా ఇంటికొచ్చేసరికి ముందుగదిలో బావగారు కూర్చుని ఉన్నాడు. నొఖెమ్ అన్న ఫైవెల్, ఈకల వ్యాపారి. రెండు రోజుల ప్రయాణం దూరంలో ఉంటాడు. బాతుల కాలంలో ఈకలు కొనడానికి ఈ చుట్టుపక్కలకి వస్తాడు. నొఖెమ్ కంటే బాగా ఉన్నవాడు, కోటుకి ఉన్నిబొచ్చు కాలరు ఉంది. చెవులు మాత్రం ఇద్దరివీ ఒకటే, తలకి రెండు వైపులా తలుపులు తెరిచినట్టు. భార్య పోయి ఏడాదైంది. పిల్లలు లేరు. వచ్చినప్పటి నుంచి ట్రైనా పెట్టింది తిని, బాగుందని చెప్పి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటున్నాడు.

ట్రైనా అతని ఎదురుగా కూర్చుంది.

"బావగారూ, శుక్రవారం రాత్రి ఒకచోట భోజనం చెయ్యాలి."

"చేస్తాను."

"బీదవాడిగా."

ఫైవెల్ తమ్ముడి వంక చూశాడు. నొఖెమ్ సూదికి దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. "నన్ను అడగొద్దు. ఇందాక నన్ను కూడా ఎవరికో ఇచ్చెయ్యబోయిందట," అన్నాడు.

ట్రైనా మొత్తం చెప్పింది. ఫైవెల్ విని, కాలరు సవరించుకున్నాడు.

"అక్కర లేకుండా దానం పట్టినవాడు, నిజంగా అక్కర పడకుండా చావడని కదా పెద్దలు రాసింది. నాకు అరవై దగ్గర పడుతోంది అమ్మాయ్. ఇప్పుడు కొత్తగా ముష్టెత్తే ఓపిక నాకు లేదు."

అది నిజమే. ఆ శాపం సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే దొంగ ముష్టివాళ్ళు తక్కువ. ట్రైనా తలగుడ్డ సర్దుకుని మళ్ళీ రబ్బీగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఈసారి కూడా వేలు పేజీలోనే ఉంచాడు.

"చేప ఎవరిది?"

"మాది. గంపది."

"అయితే ఆయన ఆవిడ దగ్గర ఏమీ పట్టడం లేదు. మీ తిండి తింటున్నాడు, చుట్టాల తిండి. తిని ఆవిడకి దానం చేస్తున్నాడు. కానీ అబద్ధం ఆడకండి. ఆవిడ అడగదు, మంచి ఇల్లాలు బీదవాణ్ణి ఏమీ అడగదు. మగవాడు, విధవరాలు ఒంటరిగా కూర్చోకూడదు కాబట్టి నువ్వూ వెళ్ళు."

ఈ తీర్పు విని ఫైవెల్ ఉన్నిబొచ్చు కోటు విప్పి మేకుకి తగిలించాడు. "తినడం కూడా దానమేనన్నమాట. చిన్నప్పటి నుంచీ చేస్తున్నాను, ఎవరూ చెప్పలేదు," అన్నాడు.

శుక్రవారం సాయంత్రం అతనికి నొఖెమ్ పాత కోటు తొడిగారు. మోచేతుల దగ్గర తోలు ముక్కలు కుట్టిన కోటు. బీదగా కనబడాలని అతను భుజాలు వంచాడు.

"అలా వంగితే బీదవాడిలా లేరు, నడుం నొప్పి వాడిలా ఉన్నారు," అంది ట్రైనా. "మామూలుగా ఉండండి. మాట్లాడకండి. పెట్టింది తినండి. రెండోసారి అడగండి. అంతే."

నొఖెమ్ భోజనానికి మిల్లు వాళ్ళింటికి వెళ్ళాడు, తనని మొత్తానికి ఇచ్చేశారని దారిపొడుగునా చెప్పుకుంటూ.

హోడెస్ తలుపు తీసి ఫైవెల్‌ని చూసిన తీరు ట్రైనాకి గుర్తుండిపోయింది. మొహం మీద వేలాడే చర్మం ఒక్కసారి బిగిసి, పదేళ్ళు తగ్గినట్టయింది. "రండి, రండి, చలిలో నిలబడకండి," అంటూ ఆమె ముందు నడిచింది. వెనక నుంచి చూస్తే గౌను లోపల మనిషి ఎక్కడుందో వెతుక్కోవాలి.

పెద్ద బల్లకి ఒక కొసన ముగ్గురూ కూర్చున్నారు. మిగతా బల్లంతా తెల్లగుడ్డ. ఫైవెల్ ద్రాక్షారసం మీద ఆశీర్వచనం చదివాడు. చేతులు కడుక్కున్నారు, జడరొట్టె తుంచారు. యాఖ్నె పిండి బాగా పొంగిందని ట్రైనా గమనించింది, ఆమెకి చెప్పకూడదని నిశ్చయించుకుంది. తర్వాత చేప వచ్చింది, చల్లగా, గడ్డకట్టిన రసంతో, మీద మిరియాల పొడి నల్లగా.

ఫైవెల్ ఒక ముక్క తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. హోడెస్ తన ముక్కని పళ్ళెంలో అటు జరిపింది.

"దారి ఎలా ఉంది? బురదగా ఉందా?" అంది.

"బురదే," అన్నాడు ఫైవెల్. అది అబద్ధం కాదు.

హోడెస్ ముక్కని ఇటు జరిపింది. ట్రైనా ఆ ముక్క ప్రయాణం చూస్తూ, షెప్సెల్‌కి నిజంగానే మర్యాద ఉందనుకుంది.

"అమ్మా," అన్నాడు ఫైవెల్, "కాస్త పంచదార ఉందా?"

ట్రైనా బల్లకింద అతని కాలు తొక్కబోయింది. తగిలింది బల్లకాలు. గ్లాసులు గలగలమన్నాయి.

హోడెస్ ఫోర్కు కింద పెట్టింది. "పంచదారా? చేపలోకా?"

"నా భార్య వేసేది. పోయిందిలెండి. పోలండులో లుబ్లిన్ వైపు మనిషి. పెళ్ళయిన కొత్తలో నేనూ మొహం చిట్లించాను. తర్వాత అలవాటైపోయింది. మావాళ్ళు ఇరవై ఏళ్ళు నవ్వారు. మా తమ్ముడి భార్య అయితే ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, జబ్బు చేసిందని చెప్పి లేచిపోయేది..." అని ఆగాడు.

ట్రైనా కొవ్వొత్తి వంక చూసింది. చాలా మంచి కొవ్వొత్తి.

"మాదీ ఆ వైపే," అంది హోడెస్. కాసేపటికి, "పంచదార లేదు," అంది.

ఆ బల్ల దగ్గర ఆ మాట అంతకుముందు ఎవరూ విని ఉండరు. హోడెస్ మెడ మీదికి ఎరుపు పాకింది. చేతులు ఒళ్ళోకి తీసుకుంది.

ట్రైనా మనసులో గంప తిరగేసింది. పిండి, చేప, ఉల్లిపాయలు, కొవ్వొత్తులు, ఉప్పు, మిరియాలు. టీలోకి యాఖ్నె ఇచ్చే చెర్రీపళ్ళ జామ్. మూడేళ్ళలో ఒక్క గురువారం కూడా పంచదార లేదు. మరిచిపోవడం కాదు. పోలండు ఆవిడ ఇంట్లో పంచదార ఉంటే అది చేపలోకి పోతుందని అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. గంపలోనూ వెయ్యలేదు. ఆవిడకి ఏది లేదో అది అడగడానికి ఇద్దరు ఆడవాళ్ళు రబ్బీగారి దాకా వెళ్ళారు.

ఫైవెల్ పాత కోటు కింద తన సొంత చొక్కా జేబులో చెయ్యి పెట్టి చిన్న కాగితం పొట్లం తీశాడు. సత్రాల్లో టీలోకి దాచుకునే పంచదార గడ్డలు. ఊరి చుట్టూ తీగ కట్టి ఊరంతా ఒకే ఇల్లని లెక్కేస్తాం కాబట్టి, శుక్రవారం పొద్దుగూకగానే మొదలయ్యే సబ్బాతు విశ్రాంతిలో ఏదైనా జేబులో పెట్టుకుని నడిచినా తప్పు లేదు. అతను గడ్డల్ని గుడ్డమీద పెట్టి, ఆ రోజు పని చెయ్యకూడదు కాబట్టి రోలూ అదీ అడక్కుండా కత్తిపిడితోనే నలిపాడు. సగం తన చేప మీద చల్లుకున్నాడు. మిగతా సగం కాగితంతో సహా హోడెస్ వైపు జరిపాడు.

"తీసుకోండి."

"వద్దు. ఒకరి దగ్గర తీసుకోవడం నాకు అలవాటు లేదు."

"బీదవాడు కూడా ఇవ్వాల్సిందేనట కదమ్మా. నిన్న రబ్బీగారే అన్నారు. నేను ఎవరికివ్వను? ఇక్కడ ఉన్నది మీరే."

హోడెస్ అతని మొహం వంక చూసింది. చెవుల దాకా చూసింది. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని, పంచదార మొత్తం చేప మీద ఒంపుకుంది.

ఆమె తిన్నది. ముక్క అటూ ఇటూ జరగలేదు, నేరుగా నోట్లోకి వెళ్ళింది. ముల్లు కూడా చప్పరించి పళ్ళెం అంచున పెట్టింది. రెండో ముక్క వేసుకుంది. కాగితం మడతల్లో మిగిలిన పలుకుల్ని వేలితో తట్టింది.

"ట్రైనా, నీకు కొంచెం?"

ట్రైనా పుచ్చుకుంది. బాగా లేదు. మొత్తం తింది.

భోజనం అయ్యాక ఫైవెల్ సబ్బాతు పాట ఎత్తుకున్నాడు. శ్రుతి లేదు. ఏడాదిగా సత్రాల్లో ఒంటరిగా తింటున్నవాడు, పాడే పని పడలేదు. రెండో చరణంలో మాటలు తప్పి ఆగిపోతే హోడెస్ వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తూ ఎదురుచూసింది. మళ్ళీ అందుకున్నాడు. అక్కర లేకుండా దానం పట్టినవాడి సంగతి అతను ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

వెళ్ళేటప్పుడు హోడెస్ గుమ్మంలో ట్రైనా చెయ్యి పట్టుకుని ఆపింది. ఫైవెల్ ముందు నడిచాడు.

"వచ్చే శుక్రవారం కూడా ఆయన్ని పంపించు. ఆ చెవులు ఈ ఊళ్ళో ఇంకొకరికే ఉన్నాయి. నొఖెమ్‌కి అన్న ఉన్నాడని తెలుసు కానీ బీదవాడని తెలియదు."

"అమ్మగారూ, ఆయన..."

"బీదవాడే. తింటుంటే చూడలేదూ. అలాంటివాళ్ళని ఎంతమందికి పెట్టాను, నాకు తెలియదా." హోడెస్ చెయ్యి వదల్లేదు. "ఈసారి గంపలో పంచదార కూడా వెయ్యి."

"ఏ గంప అమ్మగారూ?"

"గంప లేదు, నాకు తెలుసు. ఆ లేని గంపలోనే వెయ్యి."

"మూడేళ్ళుగా ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెబితే గంప ఉన్నట్టే కదా," అంది హోడెస్. "నువ్వు అరలు తుడిచి మరీ సర్ది వెళ్తావు. అంత ఇష్టంగా చేసే పనిని ఎలా పాడుచెయ్యను? జాగ్రత్తగా వెళ్ళు, మెట్టు దగ్గర మంచు ఉంది."

గురువారం మధ్యాహ్నం యాఖ్నె పిండి తెచ్చింది. గంపలోకి తొంగి చూసి ఒక పొట్లం పైకి తీసి వాసన చూసింది.

"ఇదేంటి?"

"పంచదార."

"దేనికి?"

"ఏమో," అంది ట్రైనా. "ఇచ్చేవాళ్ళు అడగకూడదు కదా."

యాఖ్నె పొట్లం వంక కాసేపు అసహ్యంగా చూసింది. తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. ట్రైనా గంప మీద గుడ్డ కప్పుతుండగా మళ్ళీ వచ్చింది. చేతిలో దానికి రెండింతలున్న పొట్లం ఉంది.

"నీది తీసెయ్. పంచదార నా వాటా."

"నేను ముందు వేశాను."

"మిరియాలు నీవి. రెండూ నువ్వే వేస్తే మేమేం చెయ్యాలి?" అని యాఖ్నె గంప పిడి పట్టుకుంది. ట్రైనా రెండో పిడి పట్టుకుంది. హోడెస్ ఇంటికి తిరిగొచ్చే వేళ దగ్గర పడుతున్నా, ఇద్దరూ వదల్లేదు.